రొయ్య గులాబీ

మగ్దలీనమ్మ, కరుణాకుమారి తోడికోడళ్ళు. ఆ ఇద్దరికీ ఆడబిడ్డను నేను. ఆడబిడ్డ అనగానే మీ కళ్ళముందు ఎలాంటి మనిషి నిలబడిందో నాకు తెలుసు, నిలబడనివ్వండి. నా పేరు ఎలిశబెతు. అంగన్‌వాడీలో ఊరి పిల్లలందరికీ అక్షరాలు దిద్దించి రిటైరైనదాన్ని. నాకు నోరు పెద్దదంటారు. జీవితమంతా చిన్నపిల్లల మధ్య బతికినదానికి నోరు చిన్నదిగా ఎలా ఉంటుందో ఆ అనేవాళ్ళే చెప్పాలి. మగ్దలీనమ్మ మా అన్న మాథ్యూ భార్య, నాకు వదిన. కరుణాకుమారి మా తమ్ముడు ఆండ్రూ భార్య. ఇంట్లో అందరం ఆమెను కుమారి అంటాం. ఇది కుమారి సంగతి. ఆమె గురించి రాసేవాళ్ళు వేరే ఎవరూ లేరు కాబట్టి నేనే రాస్తున్నాను.

వాకాడు దాటి సముద్రం వైపు వస్తే మా ఊరు. ఒకవైపు రొయ్యల గుంటలు, ఇంకోవైపు ఇసక, మధ్యలో మా చర్చి. చర్చి ముందు రెండు వరసల గులాబీలు. ఇసకనేలలో గులాబీ బతకడం ఊరికే జరిగే పని కాదు. ట్రాక్టరుతో ఎర్రమట్టి తోలించాలి, పేడ ఎరువు వెయ్యాలి, వేరుశెనగ చెక్క నానబెట్టి ఆ నీళ్ళు పొయ్యాలి. అన్నిటికంటే ముఖ్యం, సముద్రపు గాలికి ఆకుల మీద ఉప్పు పేరుకుంటుంది, పొద్దున్నే ఆకులకు స్నానం చేయించాలి. చంటిబిడ్డను పెంచినట్టే. ఈ పనంతా మా అమ్మ ఉన్నప్పుడు మా అమ్మ చేసేది. ఆ తర్వాత కోడళ్ళిద్దరి మీదా పడింది. నా మీద పడలేదు, నేను ఉద్యోగం చేసేదాన్ని కదా. ఆ మాట వాళ్ళిద్దరూ ఏదో ఒక వంకతో నాకు గుర్తుచేస్తూనే ఉండేవాళ్ళు.

మా చర్చి గులాబీలకు ఒక లెక్క ఉంది. ఈస్టరుకి నెలన్నర ముందు వచ్చే భస్మ బుధవారం నాడు అన్ని మొక్కలనూ మోడు చేసినట్టు కత్తిరిస్తాం. ఆ రోజు కత్తెర పడితే, సరిగ్గా ఈస్టరు ఉదయానికి తోట విరగబూస్తుంది. మధ్యలో వచ్చేది ప్రభువు పడ్డ శ్రమలను తలుచుకునే శ్రమకాలం. ఆ రోజుల్లో మా ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకోరు, ప్రసంగ వేదిక మీద ఊదా గుడ్డ తప్ప ఒక్క పువ్వు ఉండదు. అందుకని తొందరపడి ముందే వచ్చిన మొగ్గలను వచ్చినవి వచ్చినట్టు గిల్లేస్తాం. ఈస్టరుకి ముందు వారం వచ్చే మట్టల ఆదివారం దగ్గరపడ్డాక గిల్లడం ఆపేస్తాం. ఈస్టరు నాడు తెల్లారకముందే ఆ పూలు కోసి, సగం చర్చికి, సగం సమాధుల తోటకి తీసుకెళ్తాం. అందరికంటే ముందు కొత్త సమాధులకు పెడతాం. ఆ సంవత్సరం పోయినవాళ్ళకి అది మొదటి ఈస్టరు కాబట్టి.

తోడికోడళ్ళిద్దరూ పని పంచుకున్నారు. కుమారి పొడగరి. నిలబడి కొమ్మలు కత్తిరించడం, మొగ్గలు గిల్లడం, ఆకులు కడగడం ఆమెవి. మా వదిన పొట్టిమనిషి, పైగా భారీకాయం. ఒక చెక్కపీట వేసుకుని మొక్క మొదట్లో కూర్చునేది. కలుపు తియ్యడం, పాదు గుల్లచెయ్యడం, దొంగకొమ్మలు పీకడం ఆమెవి. దొంగకొమ్మ అంటే చెబుతాను. మనం కొనే గులాబీ అంటుమొక్క. కింద వేరు నాటు గులాబీది, పైన అంటుకట్టింది మనకు కావలసిన రంగు. ఒక్కోసారి అంటు కింద నుంచి నాటు కొమ్మ పుట్టుకొస్తుంది. భలే పుష్టిగా ఉంటుంది. పెంచితే వేరు తెచ్చే సారమంతా అదే తాగేసి పైన అంటును ఎండబెట్టేస్తుంది. మా మొక్కల్లో మంచి కొమ్మకు ఈనెకి ఐదాకులుంటే దీనికి ఏడుంటాయి. కత్తిరిస్తే మళ్ళీ వస్తుంది, అందుకని మొదలంటా పట్టుకుని పీకాలి. మా వదిన పీకి, "ఏడాకుల దొంగ!" అని గోడ అవతలికి విసిరేది. కుమారి పైన తన పని తాను చేసుకుంటూ ఆ మాట వినేది. తను పెళ్ళై వచ్చినప్పటి నుంచీ వింటూనే ఉంది. కిందికి మాత్రం ఏనాడూ వంగి చూడలేదు. అవసరం ఏముంది, అది ఆమె పని కాదు.

ఇద్దరూ ఒకరంటే ఒకరు ప్రాణం పెట్టుకున్నారనుకునేరు. అంత లేదు. బాగా పోట్లాడుకునేవాళ్ళు. ఒకసారి కుమారి ఎండుచేపలు కడిగిన నీళ్ళు తెచ్చి మొక్కలకు పోసింది, బలం అని. పచ్చిచేపలు కడిగిన నీళ్ళయితే బలమే. ఎండుచేపల్లో ఉప్పుంటుంది కదా! మూడు మొక్కలు మాడిపోయాయి. ఆ దెబ్బకి ఇద్దరికీ మాటల్లేవు. కోతల పండుగ నుంచి క్రిస్మసు దాకా లేవు. మాటల్లేవు గానీ పని ఆగదు కదా, రోజూ ఒకే మొక్క దగ్గర ఒకరు పైన ఒకరు కింద. మరి మాట్లాడేదెలా? చర్చి మెట్ల మీద కూర్చుని ఉంటాను కదా నేను, ఆ గతి పట్టించారు నాకు.

"చెప్పు వదినా ఆమెకి, ఆ పీట పక్కకి జరుపుకోమని."

"ఎలిశబెతూ, చెప్పు దానికి, దాని కళ్ళెప్పుడూ నడినెత్తినే అని. పాదులో నీళ్ళు నిలబడిపొయినాయి, కనబడలా?"

ఇద్దరి మధ్యా జానెడు దూరం. "మీకు చెవుల్లేవా మే?" అని నేను అరిస్తే ఇద్దరూ వినిపించుకునేవాళ్ళు కాదు. అవతలి మనిషి అన్నదంతా స్పష్టంగా విని కూడా, "ఏమంటా ఉంది వదినా?" అని కుమారి నన్ను అడిగేది. నేను మళ్ళీ అప్పజెప్పాలి. ఒక్క ముక్క తగ్గిస్తే మా వదిన ఊరుకునేది కాదు. "నడినెత్తిన అని చెప్పలా నువ్వు, చెప్పు" అనేది. పిల్లలకు పద్యాలు నేర్పినంత ఓపిగ్గా నేను ఆ తిట్లన్నీ మోసేదాన్ని. క్రిస్మసు ఆరాధన తర్వాత ఒకరి నోట్లో ఒకరు కేకుముక్క పెట్టుకున్నారు. ఒక్కరైనా నాకు పెట్టలేదు.

రొయ్య గులాబీ మా వదిన తెచ్చుకున్న మొక్క. కడియం నుంచి మొక్కల బండి వస్తే, తన చీటీ పాట డబ్బుల్లోంచి తీసి కొన్నది. దాని రంగు ఎర్ర కాదు, పసుపు కాదు, కాషాయం కాదు. మొదటి పువ్వు విచ్చినప్పుడు మేమంతా చుట్టూ నిలబడి ఏ రంగంటారో తెలియక తన్నుకుంటుంటే, మా వదిన పీట మీద నుంచే, "ఉడికిన రొయ్య రంగు గదా, చూస్తే తెలీడం లా?" అంది. అవును, అచ్చం అదే రంగు. ఆ రోజు నుంచి ఊరంతా దాన్ని రొయ్య గులాబీ అనే అంటారు. ఆ మొక్క దగ్గర మాత్రం కుమారిని కత్తెర వెయ్యనిచ్చేటప్పుడు మా వదిన ఊపిరి బిగబట్టేది.

మొన్న డిసెంబరు తుఫానుకి ఊరు అల్లకల్లోలమైంది. గుంటలు పొంగాయి, చర్చి ఆవరణలోకి ఉప్పునీళ్ళు వచ్చాయి, గులాబీల మీద ఒక్క ఆకు మిగల్లేదు. వాన వెలవగానే మా వదిన పీట తీసుకుని వెళ్ళి, పడిపోయిన మొక్కలన్నిటినీ లేపి కర్రలకు కట్టింది. ఇంటికొచ్చి, "ఆయాసంగా ఉండాది, టీ పెట్టు మే" అంది కుమారితో. గోడకు ఆనుకుని కూర్చుంది. కుమారి టీ తెచ్చేసరికి కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. మా అన్న అరుపులకు నేను కర్ర ఊతంగా ఆదరాబాదరా వచ్చాను. నేను చూసింది చెబుతున్నాను, కుమారి ఆ టీ గ్లాసు పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత వెనక్కి వెళ్ళి, టీ పారబోసి, గ్లాసు కడిగి, బోర్లించి వచ్చింది.

రోడ్లు తెగిపోయి కోట నుంచి పూలు రాలేదు. ఊళ్ళో ఒక్క పూలచెట్టు నిలబడి లేదు. గులాబీలు పెంచిన మనిషికి పెట్టె మీద పువ్వు లేదు. క్రిస్మసుకి చర్చిలో కట్టడానికి తెచ్చిన ప్లాస్టిక్ దండ వేశారు. మా వదిన కూతురు డెబోరా, నెల్లూరులో నర్సు, దాన్ని చూసే ఎక్కువ ఏడ్చింది. మట్టి వేసేటప్పుడు కుమారి ముందుకొచ్చి, "ఈస్టరుకి నీ రొయ్య గులాబీలు తెస్తాలే అక్కా" అంది. మామూలుగా, బజారుకి పోతూ ఏదో తెస్తానని చెప్పినట్టు చెప్పింది. ఆ తర్వాత చాలా రోజులు ఆమె నోట అంత పొడవైన మాట నేను వినలేదు.

పోయినవాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చే ఆదరణ కూడిక రోజున నాకు ఒళ్ళు మండిపోయింది. ముందు వరసలో మా అన్న, డెబోరా, అల్లుడు, పిల్లలు. వచ్చినవాళ్ళంతా వాళ్ళ చేతులు పట్టుకుని ఏడ్చారు. ఏడవాలి, నేను కాదనను. మా చర్చి అయ్యగారు ప్రార్థనలో భర్తను ఆదరించమన్నారు, కూతురిని ఆదరించమన్నారు, మనుమలను, చెల్లెళ్ళను, నన్ను కూడా ఆదరించమన్నారు. కుమారి పేరు రాలేదు. తోడికోడలు కదా, తోడికోడలికి ఏడుపేమిటి అనుకున్నారో ఏమో. కుమారి షామియానా వెనక పెద్ద గిన్నె దగ్గర నిలబడి టీ పోస్తోంది. ఎవరో వచ్చి, "ఇంకో గ్లాసు పోయమ్మా, చక్కెర తగ్గించి" అన్నారు. పోసింది.

ఆమె ఏడవలేదు. ఏడవలేదని ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. ఎప్పుడూ కొట్టుకునేవాళ్ళు, లోపల ఏముందో అన్నారు. అన్నవాళ్ళ పేర్లు నాకు తెలుసు, వాళ్ళతో నేను మాట్లాడవలసినంత మాట్లాడాను కూడా. మా ఆండ్రూ అయితే, "అన్నం తింటా ఉంది, నిద్రపోతా ఉంది, ఇంకేం కావాలక్కా?" అన్నాడు. వాడికి రొయ్యలకి మేత వెయ్యడం తప్ప ఏం తెలుసు? కుమారి తినేది, నిజమే. ఉప్పు లేకపోయినా తినేది. టీవీ ముందు కూర్చునేది, అందరూ నవ్వితే నవ్వేది, ఒక క్షణం ఆలస్యంగా. పిలిస్తే వెంటనే పలికేది. అసలు భయం వేసింది నాకు ఆ పలకడం చూసే. అంతకుముందు దాన్ని పిలిస్తే, "ఏంది వదినా, ఎందుకట్టా అరుస్తావు" అని విసుక్కోకుండా ఏనాడూ పలికింది లేదు.

దాన్ని ఏడిపిద్దామని నేనే ప్రయత్నం చేశాను. ఒకరోజు కావాలని, "మీ అక్క ఎంత పిసినారో గుర్తుందా, ఆ ఎండుచేపల నీళ్ళకి నిన్ను ఎంతెంత మాటలనింది" అని మొదలుపెట్టాను. కొడుతుందేమో, తిడుతుందేమో, ఏదో ఒకటి చేస్తుంది కదా అని. "అవును వదినా" అంది, చిక్కుడుకాయలు తుంచుకుంటూ. కాసేపయ్యాక తానే చెప్పింది. "రావడం లా వదినా. పంపు తిప్పితే గాలి వస్తాది చూడు, బుస్సుమని. అట్టుండాది." నేనూ ఆ చిక్కుడుకాయలే పట్టుకుని తుంచాను.

భస్మ బుధవారం వచ్చింది. ఈసారి ఈస్టరు మార్చిలోనే కాబట్టి ఫిబ్రవరి మధ్యకే వచ్చేసింది. ఆరాధన కాగానే, నుదుటి మీద బూడిద గీత అలాగే ఉండగా, కుమారి కత్తెర తీసుకుని తోటలోకి దిగింది. తుఫాను తర్వాత మొక్కలు కోలుకుని చిగుర్లు వేసి ఉన్నాయి. ఒక్కొక్కటే మోడు చేసుకుంటూ పోయింది. మా వదిన చెక్కపీట చర్చి వరండాలో గోడకు ఆనించి ఉంది. దాన్ని ఎవరూ తియ్యలేదు. కుమారి రొయ్య గులాబీ దగ్గరికి వచ్చి పాత కొమ్మ కత్తిరిస్తే టక్కుమని ఎండుపుల్ల చప్పుడైంది. "ఉప్పుగాలికి చివర్లు మాడినాయి" అంది. ఇంకొంచెం కిందికి కత్తిరించింది. పక్కనే లేత పచ్చని కొమ్మలు రెండు నిటారుగా లేస్తున్నాయి. పైనుంచి చూస్తే ఎవరికైనా ప్రాణం లేచొచ్చేలా ఉన్నాయి. కుమారి వాటిని వదిలేసి పక్క మొక్కకి పోయింది.

ఆ తర్వాత ఆ చెట్టు పెరగడం చూడాలి! మిగతా మొక్కలు మోకాలెత్తు చిగురించేసరికి ఇది నడుము దాటింది. చర్చికి వచ్చిన ప్రతివాళ్ళూ దాని దగ్గర ఆగేవాళ్ళు. అయ్యగారి భార్య, "మగ్దలీనమ్మగారు కట్టి వెళ్ళిన చెట్టు, చూడండి ఎంత ఆశీర్వాదమో" అంది. మా అన్న రోజూ సాయంత్రం వచ్చి దాని ముందు కుర్చీ వేసుకునేవాడు. మిగతా మొక్కలకు అక్కడక్కడా తొందరమొగ్గలు వస్తే కుమారి గిల్లి పారేసేది. రొయ్య గులాబీకి ఒక్క మొగ్గ రాలేదు, గిల్లే పనే పడలేదు. మామూలు రోజుల్లో అయితే ఎవరికో ఒకరికి అనుమానం వచ్చేది. శ్రమకాలంలో పువ్వు లేని చెట్టును ఎవరు అనుమానిస్తారు? "చూసినావా ఎలిశబెతూ, మీ వదిన చెట్టు శ్రమకాలం పాటిస్తా ఉండాది" అని మా అన్న కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ నిజమే అనుకున్నాను. ఆ పెరుగుతున్నది మగ్దలీనమ్మే అన్నట్టు మాట్లాడుకునేవాళ్ళం.

కుమారి దానికి అందరికంటే ముందు స్నానం చేయించేది. చెక్క నానబెట్టిన నీళ్ళు ఇంకో చెంబు ఎక్కువ పోసేది. కొమ్మ బరువుకి వాలకుండా కొత్త కర్ర పాతి, తన పాత చీర అంచు చించి కట్టింది. ఆ పని చేసేటప్పుడు కూడా ముఖంలో ఏమీ లేదు. చెయ్యాలి, చేస్తోంది. కానీ ఎవరు ఏమడిగినా అవునని తప్ప అనని మనిషి, ఆ చెట్టు సంగతి అడిగితే మాత్రం "వస్తాయి" అనేది. అందుకే నేను రోజూ అడిగేదాన్ని, ఆ ఒక్క మాట కోసం.

మట్టల ఆదివారానికి తోటంతా మొగ్గలు. ఎర్రవి, తెల్లవి, పన్నీరు గులాబీలు, కొమ్మకొమ్మకూ. రొయ్య గులాబీకి లేవు.

"ఏందే కుమారీ, దీనికేమైంది?"

"ఆలస్యంగా వచ్చే చెట్టే వదినా ఇది. ముందు నుంచీ అంతే."

ముందు నుంచీ అలా లేదు. నాకు గుర్తుంది, ఆమెకూ గుర్తుంది. మంచి శుక్రవారం నాడు సిలువ మీది ఏడు మాటల ఆరాధనలో, ఆ ఎండలో, పస్తుతో, అందరూ తలలు వంచుకుని ఉంటే కుమారి కిటికీలోంచి ఆ చెట్టునే చూస్తోంది. బయటికొచ్చాక నేను ఉండబట్టలేక, "పోనీ డెబోరాకి ఫోన్ చేద్దామా, నెల్లూరులో అటువంటి రంగు పూలు దొరికితే తెస్తుంది" అన్నాను.

"వద్దు వదినా. ఈ చెట్టువే తెస్తానని చెప్పినా."

శనివారం మధ్యాహ్నం, మర్నాటికి ఏ కొమ్మలు కొయ్యాలో చూసుకోవడానికి వెళ్ళింది. ఎప్పటిలాగే నేను మెట్ల మీద ఉన్నాను. నా మోకాళ్ళు వంగడం మానేసి చాలా కాలమైంది. కుమారి రొయ్య గులాబీ దగ్గరికి పోయి, తల పైకెత్తి చివర్లు వెతికింది. చెట్టు ఆమె తలకంటే ఎత్తు పెరిగింది. చెయ్యి చాచి పై కొమ్మ వంచబోతే కత్తెర జారి కింద పాదులో పడింది. తీసుకోవడానికి వంగింది. వంగినదల్లా లేవలేదు. మెల్లగా నేల మీద చతికిలబడింది.

"ఏమైంది మే? కళ్ళు తిరిగినాయా?"

నేను కర్ర పట్టుకుని దిగి వెళ్ళేసరికి, కుమారి చెట్టు మొదట్లో ఆకులు పక్కకి తీసి చూస్తోంది. పాత కొమ్మ, మా వదిన కొన్న కొమ్మ, వేలెడు మోడు, నల్లగా ఉంది. అంటు ముడి దాకా ఎండిపోయింది. కుమారి దాన్ని గోటితో గీరింది. లోపల పచ్చదనం లేదు, గోధుమరంగు పొట్టు రాలింది. చెట్టుగా పెరిగిందంతా ఆ ముడి కింద నుంచి లేచింది. కుమారి ఒక రెమ్మ తుంచి, ఒక్కో ఆకునూ వేలితో ముట్టుకుంటూ పోయింది.

"ఏడాకులు వదినా" అంది.

ఆ తర్వాత ఆ కొమ్మను రెండు చేతులతో మొదలంటా పట్టుకుని పీకింది. ఆ ముళ్ళు మామూలువి కావు. నేను, "కత్తెర తీసుకోవే, గుడ్డ చుట్టుకోవే" అని అరుస్తూనే ఉన్నాను. వేరుతో సహా వచ్చేదాకా లాగింది. రెండో కొమ్మ కూడా. అరచేతుల నుంచి నెత్తురు మోచేతుల దాకా కారుతోంది. "నొప్పి పుట్టడం లా?" అని అడిగాను. "తెలీడం లా" అంది. లేచి ఆ కొమ్మలు గోడ అవతలికి విసిరేసి, చేతులు కడుక్కుని, మిగతా గులాబీల దగ్గరికి వెళ్ళి రేపు కొయ్యవలసిన కొమ్మలకు దారం కట్టింది. తెల్లారితే ఈస్టరు, ఇన్నాళ్ళ పని అంతా దొంగకొమ్మ పాలైంది, ఏ దేవుడికి చెప్పుకోవాలో అని నేను అక్కడే నిలబడి ఏడ్చాను. నాకేమి, నాకు తేలిగ్గానే వస్తుంది.

సాయంత్రం డెబోరా దిగింది. రాగానే తోటలోకి పోయి, ఖాళీ పాదు చూసి పరిగెత్తుకొచ్చింది.

"చిన్నమ్మా, అమ్మ చెట్టేది?"

"చచ్చిపొయ్యింది" అంది కుమారి, దానికి అన్నం వడ్డిస్తూ. "తుఫానుకే చచ్చిపొయ్యింది. మనకి తెలీలా. చారు పోసుకుంటావా?"

డెబోరా కంచం ముందు ఏడుస్తూ కూర్చుంది. కుమారి చారు గిన్నె పట్టుకుని పక్కనే నిలబడింది, ఆ పిల్ల తలూపేదాకా.

ఈస్టరు తెల్లవారుజామున అందరం సరుగుడు తోపు పక్కనున్న సమాధుల తోటకి వెళ్ళాం. సముద్రపు గాలికి కొవ్వొత్తులు నిలబడవు, కోసిన ప్లాస్టిక్ సీసాల్లో పెట్టి వెలిగిస్తాం. మా వదిన సమాధికి మా అన్న సున్నం కొట్టించాడు. డెబోరా ఎర్ర గులాబీలు, తెల్ల గులాబీలు సమాధి నిండా పరిచింది. అవన్నీ కుమారి కత్తిరించి పెంచినవే. ఆ పూలలో కుమారి ఒక్కటి కూడా చేత్తో ముట్టలేదు. చేతులకు గుడ్డలు చుట్టుకుని, ఉత్త చేతులతో వచ్చి, కాళ్ళవైపు దూరంగా నిలబడింది. అయ్యగారు "ప్రభువు లేచియున్నాడు" అన్నారు. అందరూ "నిజముగా లేచియున్నాడు" అన్నారు. కుమారి పెదవులు కూడా కదిలాయి. పాటలయ్యాక జనం తమ తమ సమాధుల వైపు చెదిరిపోయారు. అప్పుడు కుమారి నా పక్కకి వచ్చింది.

"వదినా."

"ఏందమ్మా?"

"చెప్పు ఆమెకి."

నాకు మొదట అర్థం కాలేదు. కుమారి సమాధి వైపు చూడడం లేదు. సముద్రం వైపు ముఖం తిప్పుకుని ఉంది, పోట్లాడుకున్న రోజుల్లో తిప్పుకునేది చూడండి, అలాగే.

"చెప్పు వదినా. పూలు తేలా నేను. కింద చూసే పని ఆమెది, నాది కాదు. ఎవురూ చూడలా. దొంగదాన్ని పెట్టుకుని నీళ్ళు పోసినా, స్నానం చేయించినా, చీరంచు కట్టినా. అంతా దొంగదానికే చేసినా. ఆమె చెట్టు ఎప్పుడో పొయ్యింది. అంతా చెప్పు. తగ్గించబాక."

నోరు పెద్దదన్నారు కదా నాది. సున్నం కొట్టిన ఆ సమాధికి ఎదురుగా నిలబడి, అంగన్‌వాడీలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. "మగ్దలీనమ్మ వదినా, కుమారి చెప్పమంటా ఉంది. పూలు తేలేదంట. కింద చూసే పని నీదంట. ఎవరూ చూడలేదంట..." చీరంచు దాకా, దొంగదాని దాకా మొత్తం చెప్పాను. ఒక్క ముక్క తగ్గించలేదు. డెబోరా, మా అన్న నోళ్ళు తెరుచుకుని నన్నే చూస్తున్నారు.

కుమారి ఇంకా సముద్రం వైపే చూస్తూ అడిగింది.

"ఏమంటా ఉంది?"

నేను చర్చిలో పెరిగినదాన్ని. చనిపోయినవాళ్ళ తరఫున మాట్లాడకూడదని నాకు తెలుసు. మా అయ్యగారు పది అడుగుల దూరంలో ఉన్నారని కూడా తెలుసు.

"నీ కళ్ళెప్పుడూ నడినెత్తినే మే, అంటా ఉంది" అన్నాను.

"అంటాది" అంది కుమారి. "అనకుండా ఉంటాదా. అదే అంటాది." గుడ్డలు చుట్టిన చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని, "అబ్బా, చేతులు మండతా ఉండాయి వదినా" అంది. అని, ఆ ఇసకలో కూలబడి, అక్కా అక్కా అని, ఊరంతా తిరిగి చూసేలా ఏడ్చింది. ఎవరో ఊరుకోబెట్టడానికి రాబోతే నా కర్ర అడ్డం పెట్టాను.